గుర్రాలకు నచ్చితేనే క్యాంపు

మా ఊళ్ళో జట్కా గుర్రానికి ఉలవలు పెట్టేవారు. ఇక్కడ టెక్సస్‌లో మా గుర్రాలు అల్ఫాల్ఫా గడ్డి నములుతుంటే మేం ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, ప్యాకెట్ ఉలవచారు వేడి చేసుకుంటున్నాం. మార్చిలో ఫ్రిస్కో నుంచి బయల్దేరి చుక్క, బాదం అనే మా రెండు గుర్రాలతో తొమ్మిది రోజులు తిరిగొచ్చాం.

మాది ట్రక్కు వెనక తగిలించే లివింగ్ క్వార్టర్స్ ట్రైలర్. ముందు మంచం, చిన్న వంటిల్లు. వెనక గుర్రాలు నిలబడే చోటు. దారిలో ఆగి టీ పెట్టుకుంటే వాటి గిట్టల దడదడకి కప్పు వణుకుతుంది. మూడు గంటలకోసారి ఆపి నీళ్ళు చూపించాల్సిందే.

మొదటి మజిలీ డికేటర్ దగ్గరి ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్. రంగుల గుర్తులు పెట్టిన దారులు సుమారు 75 మైళ్ళు ఉన్నాయి. నేల మెత్తన, గుర్రాలకు హాయి. కానీ ముందురోజు వాన పడటంతో బంకమట్టిలో ట్రైలర్ టైర్లు దిగబడ్డాయి. కరెంటు లేదు, జనరేటరే గతి. ఇంటికి దగ్గర కాబట్టి కొత్తవాళ్ళు ముందు ఇక్కడ ఒక రాత్రి ఉండి చూస్తే మంచిది. ఏదైనా మర్చిపోయినా వెనక్కి వెళ్ళొచ్చు. మేం మర్చిపోయింది లద్దె ఎత్తే పార!

లేక్ మినరల్ వెల్స్ స్టేట్ పార్కులో గుర్రాలవాళ్ళకి క్రాస్ టింబర్స్ అని విడిగా క్యాంపు ఉంది. పాత రైలు మార్గాన్ని చదునుచేసి వెదర్‌ఫర్డ్ నుంచి 20 మైళ్ళ దారిగా మార్చారు. మా ఆవిడకి గుర్రం మీద భయం సగం పోయింది అక్కడే. టెక్సస్ స్టేట్ పార్కుల్లోకి గుర్రాన్ని తేవాలంటే ఏడాదిలోపు చేయించిన కాగిన్స్ రక్తపరీక్ష (గుర్రాలకొచ్చే ఒక అంటురోగం లేదని తేల్చేది) కాగితం ఉండాలి. ఫోన్లో ఫొటో ఉన్నా, ప్రింటు కూడా పెట్టుకుంటే సిగ్నల్ లేదన్న టెన్షన్ ఉండదు.

దక్షిణానికి వెళ్తూ మధ్యలో ఒక ప్రైవేటు హార్స్ క్యాంపులో ఆగాం. డబ్బు అన్నిటికంటే ఎక్కువ, సుఖం అన్నిటికంటే తక్కువ. మాకు వేడినీళ్ళు, వైఫై అన్నీ ఉన్నాయి. గుర్రాల కొట్టంలో మాత్రం చెక్కకి మేకులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చెబితే "రేపు చూస్తాం" అన్నారు. సుత్తి తీసుకుని నేనే కొట్టేశాను. అంతకంటే పెద్ద బెంగ, చుక్క అక్కడి నీళ్ళు ముట్టుకోలేదు. గుర్రం రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. తాగకపోతే కడుపునొప్పి వస్తుంది, అది ప్రాణం మీదికి కూడా తెస్తుంది. చుక్క బకెట్లో మూతి ముంచుతుంది, పై పెదవి ముడుస్తుంది, తల పక్కకి తిప్పుకుంటుంది. రాత్రి పదింటికి ఫ్రిజ్‌లో ఉన్న ఆపిల్ జ్యూస్ అరగ్లాసు కలిపి చూశాం. వాసన చూసింది, చెవులు ముందుకి పెట్టింది, గటగటా తాగేసింది. ఈ చిట్కా బయల్దేరే వారం ముందే ఇంటి దగ్గర అలవాటు చేయాలట. మాకు ఆలస్యంగా తెలిసింది.

చివరగా బండేరా దగ్గరి హిల్ కంట్రీ స్టేట్ నేచురల్ ఏరియా. 5,000 ఎకరాలు దాటిన కొండనేల, 40 మైళ్ళకు పైగా దారులు. మనుషులు తాగే నీళ్ళు అక్కడ లేవు, మోసుకెళ్ళాలి. సున్నపురాయి పలకలు చాలా ఉన్నాయి, గిట్టలకి నాడాలు లేకుండా గుర్రాన్ని తీసుకెళ్ళొద్దు. అయినా నా లెక్కలో మొదటి మార్కు దీనికే. పొద్దున్నే వాగు దాటుతుంటే బాదం నీళ్ళలో ఆగి ముందుకాలితో తపతపా కొట్టింది, నా జీను దాకా తడిసింది. సాయంత్రం రెండు చెట్ల మధ్య ఎత్తుగా తాడు కట్టి, చెట్ల బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీలు వేసి గుర్రాలను దానికి కట్టాం. ఎక్కడ ఉన్నా పొద్దున్నే లద్దె ఎత్తాకే మాకు కాఫీ.

అక్టోబరుకి కాప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కు బుక్ చేశాం. అక్కడ బైసన్ల (అమెరికా అడవిదున్నల) మంద స్వేచ్ఛగా తిరుగుతుంది. వాటిని చూసి చుక్క ఏమంటుందో గానీ, ఆపిల్ జ్యూస్ మాత్రం ఈసారి రెండు డబ్బాలు పెడుతున్నాం.