గోలో లోకల్ ప్యాకేజీలు: రిప్లేస్, గో.వర్క్ రెండూ చాన్నాళ్లు వాడాక

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు ధర్మకాంటా సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీం మాది, నల్గొండలో ఉంటాం. వడ్ల లారీ కాంటా ఎక్కగానే సీరియల్ పోర్టు నుంచి బరువు చదివే కోడు ఒక మాడ్యూల్ (విడిగా వెర్షన్ వేసి పంపే కోడు కట్ట). తేమ, తాలు కింద తరుగు తీసి చిట్టీ ఇచ్చే ప్రోగ్రాం ఇంకో మాడ్యూల్. రెండూ గో ప్రోగ్రామింగ్ భాషలోనే. కాంటా కోడులో ఒక్క లైను మార్చినా గిట్‌లోకి (కోడు మార్పులన్నీ దాచే చోటు) పంపి, ట్యాగ్ (వెర్షన్ గుర్తు) వేసి, చిట్టీ ప్రోగ్రాంలో వెర్షన్ పెంచి అప్పుడు పరీక్షించాలంటే సీజన్‌లో కుదరదు. మిల్లు దగ్గర లారీలు లైను కట్టి ఉంటాయి.

దీనికి మొదటి నుంచీ ఉన్న దారి రిప్లేస్, అంటే నెట్‌లోని మాడ్యూల్‌కు బదులు మన డిస్కు మీది ఫోల్డర్‌ను వాడమని గోకు చెప్పే లైను. 2018లో గో 1.11తో మాడ్యూళ్లు వచ్చినప్పుడే ఇదీ వచ్చింది. ఏ మాడ్యూళ్లు వాడుకుంటామో రాసుండే గో.మాడ్ ఫైల్లో ఆ మాడ్యూల్ పేరు, బాణం గుర్తు, పక్క ఫోల్డర్ దారి రాస్తే చాలు. ఆ ఫోల్డర్‌లోనూ గో.మాడ్ ఉండాలి. పక్క ఫోల్డర్ కదా అని ముందు ../ పెట్టకుండా ఉత్త పేరు రాస్తే, దాన్ని ఇంకో మాడ్యూల్ అనుకుని వెర్షన్ ఏదని ఎర్రర్ ఇస్తుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఇక్కడ కాసేపు తల గోక్కుంటారు.

ఒక్కరే పనిచేసినంత కాలం రిప్లేస్‌కు వంక పెట్టలేం. చిక్కంతా ఆ లైను గిట్‌లోకి వెళ్లాక. పక్కవాళ్ల కంప్యూటర్‌లో ఫోల్డర్లు అదే వరసలో లేకపోతే బిల్డ్ (కోడును నడిచే ప్రోగ్రాంగా మార్చడం) ఆగిపోతుంది. ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది: రిప్లేస్ మెయిన్ మాడ్యూల్‌లో, అంటే మనం బిల్డ్ చేస్తున్న దాంట్లో, ఉంటేనే పనిచేస్తుంది. చిట్టీ మాడ్యూల్‌ను మూడో ప్రోగ్రాం డిపెండెన్సీగా (తనకు కావాల్సిన కోడుగా) తెచ్చుకుంటే, అందులోని రిప్లేస్‌ను గో అసలు పట్టించుకోదు, కాంటా కోడు కోసం నెట్‌లో వెతుకుతుంది. ప్రోగ్రాంను నెట్ నుంచి తెచ్చి పెట్టే ‘గో ఇన్‌స్టాల్’ ఆదేశానికి వెర్షన్ ఇచ్చి నడిపితే, రిప్లేస్ ఉన్న మాడ్యూల్‌ను మొహమాటం లేకుండా తిప్పి పంపుతుంది. చిరాకేసినా, నా లెక్కలో ఆ పట్టుదల సబబే. నా డిస్కు మీది ఫోల్డర్‌తో ఊరందరికీ ఏం పని?

2022 మార్చిలో గో 1.18తో వర్క్‌స్పేస్‌లు (మన దగ్గరున్న మాడ్యూళ్లను గో.వర్క్ ఫైల్లో రాసి కలిపి వాడే పద్ధతి) వచ్చాక మేం అటు మారాం. రెండు ఫోల్డర్లకూ పైన ‘గో వర్క్ ఇనిట్’, తర్వాత ‘గో వర్క్ యూజ్’. అంతే, గో.మాడ్‌ను ముట్టుకునే పని లేదు. ఎడిటర్‌లో చిట్టీ కోడు నుంచి కాంటా ఫంక్షన్‌లోకి నేరుగా దూకొచ్చు, అక్కడ మార్చింది ఇక్కడ వెంటనే కనిపిస్తుంది. రోజువారీ పనికి ఇంత సుఖం రిప్లేస్‌తో దొరకలేదు.

కానీ ఈ సుఖంలోనే టెన్షన్ కూడా ఉంది. మన దగ్గర అన్నీ పాసవుతాయి. కాంటా కోడుకు ట్యాగ్ వేయలేదని సర్వర్ మీద బిల్డ్ ఎర్రబడితే గానీ తెలియదు. అందుకే పంపే ముందు గోవర్క్ సెట్టింగ్‌ను ఆఫ్ చేసి, వర్క్‌స్పేస్ లేకుండా ఒకసారి బిల్డ్ చేయాలన్నది మా టీంలో కచ్చితమైన నియమం. గో.వర్క్ ఫైల్‌ను గిట్‌లో పెట్టం. పై ఫోల్డర్లో ఎక్కడో పాత గో.వర్క్ మిగిలి ఉన్నా గో దాన్నే పట్టుకుంటుంది, చప్పుడు చేయదు. అర్థంకాని ఎర్రర్ వస్తే ముందు ‘గో ఎన్వ్ గోవర్క్’ కొట్టి ఏ ఫైలు నడుస్తోందో చూడండి.

నాకు అసలు నచ్చనిది గో.మాడ్ జాబితాను సరిచేసే ‘గో మాడ్ టైడీ’ ఆదేశం. అది వర్క్‌స్పేస్‌ను లెక్కలోకే తీసుకోదు. కాంటా మాడ్యూల్‌ను నెట్‌లో ఇంకా ఎక్కడా పెట్టకపోతే, పక్క ఫోల్డర్లోనే ఉన్నా దొరకలేదంటుంది. అప్పుడు మళ్లీ రిప్లేసే దిక్కు. వెండర్ ఫోల్డర్‌కు (బయటి కోడు కాపీలు దాచుకునేది) మాత్రం 2024లో గో 1.22తో ‘గో వర్క్ వెండర్’ ఇచ్చారు. నెట్ సరిగా లేని చోట బిల్డ్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది. మేం తయారైన ఒక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లో మిల్లుకు తీసుకెళ్తాం కాబట్టి దాని అవసరం పెద్దగా పడలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు రెండు మాడ్యూళ్లు కావాలా అని చూసుకోండి. రెండూ ఎప్పుడూ కలిసే రిలీజ్ అయ్యేవైతే ఒకే మాడ్యూల్‌లో రెండు ఫోల్డర్లు చాలు, ఈ బాధలేవీ ఉండవు. మా కాంటా కోడును మహబూబ్‌నగర్‌లో పత్తి మిల్లులకు పనిచేసే ఇంకో టీం కూడా వాడుతోంది, వాళ్ల రిలీజులు వేరు. ఆ ఒక్క కారణంతోనే మేం విడిగా ఉంచాం.