ఖాతా ఒకటే, కట్టుబాట్లు ఇంటికొకటి: వికీపీడియా వాడుకరిపేరు, పెయిడ్ దిద్దుబాట్ల నియమాలు

వికీపీడియాలో ఖాతా తెరవడానికి వాడుకరిపేరు, సంకేతపదం చాలు. ఈమెయిలు ఐచ్ఛికమే అయినా ఇవ్వండి, లేకపోతే సంకేతపదం మరిచిన రోజున ఖాతా పోయినట్టే. పేరులో @ గుర్తు పెట్టనివ్వదు కాబట్టి ఈమెయిలు చిరునామానే పేరుగా వాడడం కుదరదు. తెలుగు లిపిలో పేరు పెట్టుకుంటే ఇంగ్లీషు వికీలోనూ చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ అడ్డుచెప్పేది ఇలాంటివాటికే. అసలు చిక్కులు సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్న పేర్లతోనే వస్తాయి.

ఇంగ్లీషు వికీలో మూలసూత్రం ఒక ఖాతాకు ఒక మనిషి. "ఫలానా ఆసుపత్రి" అని పెట్టుకుంటే నిరోధమే (బ్లాక్), ఆ ఖాతాతో ఇక దిద్దుబాట్లు చేయనివ్వరు. "ఫలానా ఆసుపత్రి పీఆర్ఓ" కూడా కుదరదు, ఆ కుర్చీలో ఇవాళ ఒకరుంటే రేపు మరొకరుంటారు. "రవి, ఫలానా ఆసుపత్రి" మాత్రం చెల్లుతుంది. సినిమా వాళ్ళ సంగతీ ఇంతే: "టీమ్ ఫలానా" పనికిరాదు, "ఫలానా ఫ్యాన్87" పనికొస్తుంది. మొదటిది గుంపు, రెండోది ఒక మనిషి. ఈ తేడా చాలా సబబైనది. ఖాతా తెరిచే ఫారంలోనే నాలుగు ముక్కల్లో చెప్పేస్తే సగం నిరోధాలు తప్పేవి, కానీ దాన్ని చిన్న లింకు వెనక దాచారు.

నిరోధం పడితే చర్చ పేజీలో వచ్చిన నోటీసును చివరిదాకా చదవాలి. అందులో రెండు రకాలున్నాయి. పేరు ఒక్కటే తప్పయితే మెత్తటి నిరోధం: కొత్త ఖాతా తెరుచుకోవచ్చు, లేదా పేరు మార్పు అడగొచ్చు. పేరుతో పాటు రాతలూ ప్రచారమే అయితే గట్టి నిరోధం. అప్పుడు చర్చ పేజీలోనే అప్పీలు చేసుకోవాలి. చాలామంది ఇక్కడే తొందరపడి ఇంకో ఖాతా తెరుస్తారు. అది నిరోధాన్ని ఎగవేయడం కింద లెక్క, పైగా మీ నెట్ కనెక్షన్ చిరునామా (ఐపీ) మీద దానంతటదే 24 గంటల నిరోధం (ఆటోబ్లాక్) పడి అదే ఆఫీసు నెట్ వాడే పక్క సీటు వాళ్ళూ ఇరుక్కుంటారు.

పేరు మార్పుకు గ్లోబల్ రీనేమ్ అభ్యర్థన పెట్టాలి. మారితే అన్ని వికీల్లోనూ, పాత దిద్దుబాట్ల చరిత్రలోనూ కొత్త పేరే కనిపిస్తుంది. చర్చ పేజీల్లో చేసిన పాత సంతకాలు మాత్రం అలాగే ఉంటాయి. ఖాతాను తొలగించడమన్నది లేదు. ఎవరు రాసిందీ చూపించడం లైసెన్సు షరతు కాబట్టి.

ఈ వ్యవస్థలో నాకు నచ్చనిది ఒకటుంది. 2015 నుంచి అన్ని వికీలకూ ఖాతా ఒక్కటే, పేరు నియమాలు మాత్రం ఏ వికీవి ఆ వికీవే. జర్మన్ వికీలో సంస్థ పేరుతోనే ఖాతా నడపొచ్చు, సంస్థ ఈమెయిలు నుంచి రుజువు పంపితే చాలు. అదే ఖాతాతో ఇంగ్లీషు వికీలో అడుగుపెడితే నిరోధం. సంస్థ తరఫున రాసేవాళ్ళు మనిషి పేరు, సంస్థ పేరు కలిపి పెట్టుకుంటే తలనొప్పి తక్కువ.

డబ్బు తీసుకుని రాసే నియమం అలా కాదు, అది వికీపీడియాలను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నిబంధనల్లోనే ఉంది, 2014 జూన్ నుంచి. తెలుగు వికీకీ వర్తిస్తుంది. ఎవరు డబ్బిస్తున్నారు, ఎవరి కోసం రాస్తున్నారు, మీకున్న సంబంధమేంటి అన్నవి చెప్పాలి. మీ సొంత పేరు చెప్పనక్కర్లేదు, మారుపేరుతోనే ఉండొచ్చు. నెలజీతం ఉద్యోగి పనిలో భాగంగా రాసినా పెయిడ్ కిందే వస్తుంది. ఏజెన్సీలో పనిచేసేవాళ్ళు ఏజెన్సీ పేరు రాసి ఊరుకుంటారు. అది సగమే, అసలు క్లయింటు పేరూ ఉండాలి.

నిబంధనల ప్రకారం వాడుకరి పేజీ, చర్చ పేజీ, దిద్దుబాటు సారాంశం (మార్పును ప్రచురించేటప్పుడు రాసే చిన్న వివరణ), వీటిలో ఏదో ఒకచోట చెబితే చాలు. ఇంగ్లీషు వికీలో వాడుకరి పేజీలో పెయిడ్ మూస (ఇందుకోసం ముందే తయారుచేసి పెట్టిన టెంప్లేటు) పెట్టడం మేలు. తెలుగు వికీలో "ఫలానా ఏజెన్సీ ఉద్యోగిని, ఫలానా ఆసుపత్రి కోసం పారితోషికంపై రాస్తున్నాను" అని సారాంశంలో ఒక్క వాక్యం రాసినా సరిపోతుంది. ప్రచురించాక సారాంశాన్ని సరిదిద్దలేరు. మరిచిపోతే వ్యాసపు చర్చ పేజీలో రాయండి. ఫోటోలు దాచే సోదర ప్రాజెక్టు కామన్స్ మాత్రం 2014లోనే వేరే విధానం పెట్టుకుంది, ఫోటోల ఎక్కింపుకు ఈ ప్రకటన అడగదు. కాపీహక్కు అనుమతి సంగతి వేరు.

వెల్లడించాం కదా, ఇక ఏమైనా రాయొచ్చు అనుకోవడం పెద్ద పొరపాటు. ఇంగ్లీషు వికీలో వ్యాసాన్ని నేరుగా ముట్టుకోకుండా చర్చ పేజీలో అభ్యర్థన పెట్టమంటారు. "వ్యాసాన్ని మెరుగుపరచండి" అంటే ఎవరూ పట్టించుకోరు. "రెండో పేరాలో 'ప్రముఖ ఆసుపత్రి' తీసేసి '2012లో 100 పడకలతో మొదలైంది' అని చేర్చండి, మూలం ఫలానా దినపత్రిక, ఫలానా తేదీ" అంటే చూసేవాళ్ళకు పని తేలిక. అయినా వారాలు ఆగాల్సి రావచ్చు. ఐదు మార్పులుంటే ఐదు విడి అభ్యర్థనలు పెట్టండి.

మరో హెచ్చరిక. 2015లో ఇంగ్లీషు వికీ ఒకేసారి 381 ఖాతాలను నిరోధించింది. ఆ ముఠా తిరస్కరణకు గురైన వ్యాసాల తాలూకు సంస్థలను, మనుషులను పట్టుకుని, డబ్బిస్తే ప్రచురిస్తామని, తొలగించకుండా కాపాడతామని బేరం పెట్టేది. మీ చిత్తుప్రతి తిరస్కరించిన మర్నాడే ఎవరైనా నిర్వాహకుణ్ణంటూ ఈమెయిలు పంపి రేటు చెబితే జవాబివ్వకండి. ఆ ఈమెయిలును రచ్చబండలో (తెలుగు వికీలో అందరూ చూసే చర్చావేదిక) అతికించకుండా, నిర్వాహకులకు విడిగా పంపండి.