వికీపీడియాలో మన కళాకారులకు చోటు: ఎడిటథానా, జాబితానా, ఆధారాల సేకరణా?

తోలుబొమ్మలాట, చిందు యక్షగానం, చేర్యాల నకాషీ చిత్రాల గురించి వికీపీడియాలో చదువుకోవచ్చు. ఆ బొమ్మలకు రంగులద్దినవారి, ఆ వేషాలు కట్టినవారి పేర్ల కోసం వెతికితే మాత్రం చాలాసార్లు నిరాశే ఎదురవుతుంది. కళకు వ్యాసం ఉంటుంది, కళాకారుడికి ఉండదు. ఈ లోటు తీర్చాలని ఎవరైనా పూనుకుంటే వెంటనే తట్టే ఆలోచన ఎడిటథాన్, అంటే అందరూ ఒకచోట చేరి ఒక్క రోజులో వికీ వ్యాసాలు రాసే కార్యక్రమం. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని.

అలాగని దాన్ని తక్కువ చేయడం లేదు. వికీపీడియాలో రాసేవారిలో స్త్రీలు పది శాతం కూడా లేరని 2011లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ సర్వేలో తేలింది. 2014 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో మొదలైన ‘ఆర్ట్+ఫెమినిజం’ అనే ఎడిటథాన్‌ల ఉద్యమం ఆ పరిస్థితి మీదే దృష్టి పెట్టింది. తొలిసారే ముప్పై చోట్ల, దాదాపు 600 మంది కూర్చుని మహిళా కళాకారుల గురించి రాశారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియమే తలుపులు తెరిచింది. మొదటిసారి ‘సవరించు’ నొక్కడానికి జంకేవారి పక్కన తెలిసినవారు ఒకరు కూర్చోవడం చాలా పెద్ద సాయం. ఇంత మందిని ఒక్కసారిగా లోపలికి తీసుకురాగల పద్ధతి ఇంకొకటి లేదు.

చిక్కంతా ఆ ఒక్క రోజులో వారి చేత చేయించే పనితోనే. జీవించి ఉన్న వ్యక్తి గురించి రాయడం వికీలో అన్నిటికంటే కష్టం. ప్రతి వాక్యానికీ మూలం, అంటే ఆధారంగా చూపే పుస్తకమో వార్తో కావాలి. ఇంగ్లీషు వికీపీడియాలోనైతే ఖాతా తెరిచి 4 రోజులు గడిచి, 10 సవరణలు పూర్తయితే తప్ప కొత్త వ్యాసాన్ని నేరుగా ప్రచురించే వీలు మామూలుగా ఉండదు. చిత్తుప్రతిగా సమీక్షకు పంపాలి. ఉత్సాహంగా వచ్చినవారు సాయంత్రానికి తిరస్కరణ చూసి వెళితే మళ్లీ రారు. తెలుగులో రాసినా, మూలాలు లేకపోతే ఆ రోజు పుట్టిన వ్యాసం రెండు మూడు వాక్యాల ‘మొలక’గానే మిగిలిపోతుంది, లేదా తొలగింపు చర్చకు వెళుతుంది.

రెండో దారి జాబితా. వికీపీడియాలో ఇంకా పేజీ లేని పేరుకు ఇచ్చిన లింకు ఎర్రగా కనిపిస్తుంది. అలాంటి స్త్రీల పేర్లను వరుసగా రాసుకుని, ఒక్కొక్కటీ నీలంగా మార్చడమే 2015లో మొదలైన ‘విమెన్ ఇన్ రెడ్’ పని. అది మొదలయ్యే నాటికి ఇంగ్లీషు వికీలోని జీవితచరిత్రల్లో స్త్రీలవి 15 శాతం పైచిలుకు. ఇప్పుడు 20 శాతం దరిదాపుల్లో ఉన్నాయి. ఘనతంతా ఆ ఒక్క బృందానిదే కాదు. కానీ సభ, వేదిక, ఫొటోలు ఏవీ లేకుండా, ఇంటి నుంచే ఏళ్ల తరబడి రాసినవారి ఓపికకు ఆ అంకెలో పెద్ద వాటా ఉంది. కళాశాలలో చదివి, ప్రదర్శనలు పెట్టి, పత్రికల సమీక్షలు పొందిన చిత్రకారిణుల విషయంలో ఇంతకు మించిన పద్ధతి లేదు. రాజమహేంద్రవరంలోని చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాలలో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ చిత్రాలూ ఉన్నాయి. అలాంటి పేర్లతో ఒక జాబితా మొదలుపెడితే ముగ్గురు నలుగురికి ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది.

అయితే జాబితాలోకి పేరు ఎక్కాలంటే ముందే ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి. ప్రముఖ మ్యూజియంల సేకరణల్లో కళాఖండాలు ఉండటం, విమర్శకులు విస్తృతంగా రాయడం వంటివే వికీలో కళాకారుల ప్రాముఖ్యతకు కొలమానాలు. మరి మ్యూజియంలు న్యాయంగా ఉన్నాయా? న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆధునిక కళా విభాగాల్లోని కళాకారుల్లో స్త్రీలు 5 శాతం కూడా లేరని 1989లో ‘గెరిల్లా గర్ల్స్’ అనే కళాకారిణుల బృందం వారు పోస్టరు వేసి మరీ నిలదీశారు. అక్కడి వివక్ష మూలాల ద్వారా వికీలోకి దిగుమతి అవుతుంది. మన దగ్గర మ్యూజియం స్థానంలో పురస్కారం ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో, కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్తలన్నీ మూలాలయ్యాయి. నిమ్మలకుంటలో అదే పని చేసే మిగతా కుటుంబాల మాటేమిటి?

అందుకే మూడో దారి వైపు మొగ్గుతాను. 2005లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో హెదర్ హార్ట్, జినా వాలెంటైన్ అనే ఇద్దరు కళాకారిణులు ‘బ్లాక్ లంచ్ టేబుల్’ ప్రారంభించారు. నల్లజాతి కళాకారులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, వారి మాటలను రికార్డు చేసి భద్రపరచడం దాని పద్ధతి. తర్వాత వికీ పనికీ దిగారు. వ్యాసాలు రాయించడంతో ఆగకుండా, కళాకారుల ఫొటోలు తీసి స్వేచ్ఛా లైసెన్సుతో కామన్స్‌లో (వికీపీడియా వాడుకునే ఉమ్మడి ఫొటోల భాండారంలో) చేర్చారు. మన ఊళ్లకు బాగా అతికే పద్ధతి ఇది.

దీనికీ ఒక అడ్డంకి ఉంది. నోటిమాటను వికీ మూలంగా ఒప్పుకోదు. 2011లో పరిశోధకుడు అచల్ ప్రభల ఆధ్వర్యంలో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో మౌఖిక ఆధారాలతో ప్రయోగం జరిగింది. అది నియమంగా మారలేదు. కాబట్టి మనం రికార్డు చేసినది మన దగ్గరే ఉండిపోకూడదు. విశ్వవిద్యాలయ జానపద శాఖ పరిశోధకుల చేతికో, జిల్లా విలేకరి చేతికో అందాలి. వారు తమంతట తాము పరిశీలించి రాయాలి. మనమే పత్రికలో రాసి, దాన్నే వికీలో మూలంగా చూపించుకోవడం సరికాదు. పాత పత్రికల జిల్లా అనుబంధాలు, గ్రంథాలయాల్లో మూలబడిన సావనీర్లు తిరగేయడం కూడా ఈ పనిలో భాగమే.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. కళాకారుడి ఫొటో తీస్తే దాని హక్కు తీసినవారిది. ఆయన అనుమతి తీసుకుని కామన్స్‌లో పెట్టవచ్చు. ఆయన వేసిన బొమ్మ ఫొటో అలా కాదు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. 1925లో కన్నుమూసిన దామెర్ల చిత్రాలకు ఆ చిక్కు లేదు. బతికున్న నకాషీ చిత్రకారుడి బొమ్మను మాత్రం ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్కించకూడదు. ఆ చిత్రాలే ఆయన జీవనాధారం. స్వేచ్ఛా లైసెన్సు అంటే ఎవరైనా వాడుకుని అమ్ముకోవచ్చని కూడా అర్థమయ్యేలా చెప్పి మరీ అడగాలి.

బృందంలో ఐదుగురే ఉంటే, ఇద్దరు జాబితా చూసుకుని, ముగ్గురు ఊళ్లకు వెళ్లడం మంచిది. ఒక్కో కళాకారుడి మీద కనీసం మూడు స్వతంత్ర మూలాలు, ఒక మంచి ఫొటో చేరాక ఎడిటథాన్ తేదీ ప్రకటించవచ్చు. అప్పుడు వచ్చిన కొత్తవారి ముందు ఖాళీ తెర బదులు పత్రికల కత్తిరింపుల దస్త్రం ఉంటుంది.