మడమ నొప్పికి విశాఖ ఎంవీపీ కాలనీలో దొరికిన మంచి ఫిజియో

పొద్దున్నే బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర్నుంచి పరిగెత్తకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. అలాంటిది నాలుగు నెలలుగా కుడి మడమ నొప్పి. మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉండేది, కాసేపు నడిస్తే సర్దుకునేది, దాంతో తగ్గిపోయిందనుకుని మళ్లీ పరిగెత్తేదాన్ని. ముందు వెళ్లిన ఒక చోట పది రోజుల డబ్బులు కట్టించుకుని, రోజూ కాలికి కరెంటు పెట్టి పావుగంటలో పంపేసేవారు.

ఈ ఎంవీపీ కాలనీ ఫిజియో మేడమ్ మాత్రం నా పాత బూట్లు తెప్పించుకుని అడుగు ఎక్కడ అరిగిందో చూశారు. పిక్క నొక్కి చూసి, అది బిగుసుకుపోయి అరికాలి కింద పట్టీని లాగుతోందని, దీన్ని ప్లాంటర్ ఫాసియైటిస్ అంటారని ఓపిగ్గా చెప్పారు. ఆమె చెప్పిన వ్యాయామం ఇదీ: కాలి వేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టి మెట్టు అంచున నిలబడాలి, మూడు లెక్కపెడుతూ మడమ పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు లెక్కపెడుతూ కిందికి. రోజు విడిచి రోజు. కైలాసగిరి కొండ ఎక్కడం కొన్నాళ్లు వద్దన్నారు గానీ పరుగు పూర్తిగా మానేయమనలేదు, ఆ మాటకే నాకు సగం టెన్షన్ పోయింది.

మొన్న ఆదివారం బీచ్ రోడ్డులోని సబ్‌మెరైన్ మ్యూజియం దాకా మెల్లగా పరిగెత్తాను, మర్నాడు పొద్దున మంచం దిగితే నొప్పి లేదు! సాయంత్రాలు బాగా రద్దీ, ఫోన్ చేసి వెళ్లండి.