ఉమ్మడి లైబ్రరీయా, ఎవరిది వాళ్లకా?

విజయనగరంలో ఒక రైస్ మిల్లుకు బిల్లింగ్, స్టాక్ అప్లికేషన్లు రెండూ ఒకే టామ్‌క్యాట్‌లో (జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్) నడుపుతున్నాను. బిల్లింగ్ కోసం ఉమ్మడి లిబ్ ఫోల్డర్‌లో ఒక జార్‌ను (జావా లైబ్రరీ ఫైలు) కొత్త వెర్షన్‌కి మార్చాను. స్టాక్ ఆగిపోయింది. లాగ్‌లో ‘నోసచ్‌మెథడ్‌ఎర్రర్’, అంటే స్టాక్ పిలిచే మెథడ్ కొత్త జార్‌లో లేదు. ధాన్యం లారీలు గేటు దగ్గర నిలబడిపోయాయి. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఖర్చు: ఉమ్మడిగా పెడితే మెమరీ, డిస్కు కలిసొస్తాయి. విడిగా పెడితే వార్ ఫైలు (అప్లికేషన్ మొత్తం చుట్టిన ప్యాకేజీ) బరువెక్కుతుంది. ఇప్పటి సర్వర్లకు అదేం పెద్ద లెక్క కాదు.

శ్రమ: ఉమ్మడి అయితే ఒక్కచోట మారిస్తే చాలు. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే లాగింగ్ లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు, విడిగా పెట్టుకున్నవాళ్లు ప్రతి అప్లికేషనూ తెరిచి వెతుక్కోవాల్సి వచ్చింది.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. టామ్‌క్యాట్ మామూలుగా ముందు అప్లికేషన్ సొంత లైబ్రరీ ఫోల్డర్ వెబ్-ఇన్ఫ్/లిబ్ చూస్తుంది, ఆ తర్వాతే ఉమ్మడి ఫోల్డర్. అందుకే సొంత జార్ ఉన్నదాన్ని పక్క అప్లికేషన్ కోసం చేసిన మార్పు తాకదు. కానీ ఒకే జార్ రెండుచోట్లా ఉంటే మరో చిక్కు: ఒకే పేరున్న క్లాసు రెండు లోడర్ల (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగాలు) నుంచి వచ్చి, జావా వాటిని వేర్వేరు క్లాసులుగా చూసి ‘క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్’ పడొచ్చు. కోడ్ ఎంత చూసినా తప్పు దొరకదు. ముందు రెండు ఫోల్డర్లలోని వెర్షన్లు పోల్చండి, తర్వాత మావెన్ (జావా బిల్డ్ టూల్) డిపెండెన్సీ ట్రీ, అంటే ఏ లైబ్రరీ దేన్ని లాక్కొస్తోందో చూపే జాబితా, తీయండి.

కనెక్షన్ పూల్‌ను (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్ల గుంపు) టామ్‌క్యాటే నడుపుతుంటే జేడీబీసీ డ్రైవర్ (జావాను డేటాబేస్‌కి కలిపే జార్) ఉమ్మడిలోనే ఉండాలి. అప్లికేషన్లన్నీ ఒకే టీమువి, కలిసే అప్‌డేట్ అవుతాయంటే ఉమ్మడి పద్ధతి నడుస్తుంది. వేర్వేరు వెండర్లు, వేర్వేరు తేదీలు అయితే విడిగానే పెట్టండి. మా మిల్లులో అలాగే మార్చేశాం.