పోచంపల్లిలో మగ్గమా, హైదరాబాద్‌లో కాపురమా?

పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఇదే పంచాయితీ. పోచంపల్లి తిరిగొచ్చి నాన్న మగ్గం ఎక్కడమా, హైదరాబాద్‌లోనే ఉండి ఆయన నేసిన చీరలు అమ్మిపెట్టడమా?

సిటీలో ఉంటే నెల తిరిగేసరికి ఇద్దరికీ జీతం పడుతుంది, ఊరు 50 కిలోమీటర్లే కాబట్టి ఆదివారం వచ్చిపోవచ్చు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఊళ్లో అయితే లెక్క వేరు. మా ఊరి ఇక్కత్ నేతలో నేతకు ముందే నూలుకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా ముడి కట్టి, రంగులద్దాలి, పడుగుకూ పేకకూ రెండింటికీ కడితే డబుల్ ఇక్కత్, దారం కాస్త పక్కకి జరిగినా పువ్వు చెదిరిపోతుంది. నాన్న గోటితో ఆ దారాన్ని సర్దే తీరు పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది, ఆదివారం కొడుక్కి రాదు. అమ్మకైతే ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ, భుజం పట్టేసింది (1999లో చింతకింది మల్లేశం వాళ్లమ్మ కోసం తయారుచేసిన ఆసు యంత్రం మా ఇంటికి చాలా ఆలస్యంగా వచ్చింది లెండి). 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు (ఈ పేరు ఈ ప్రాంతపు నేతదే అనే ముద్ర) వచ్చినా ప్రింటు చీరను ఇక్కత్ అని అమ్మేవాళ్లు ఉన్నారు, మాకు మిగిలేది తక్కువే, ఆ టెన్షన్ అబద్ధం కాదు.

అయినా నా ఓటు ఊరికే. మా ఆవిడ ఒక్క షరతు పెట్టింది: ఉద్యోగం మానదట, చిటికి కట్టడం మాత్రం అమ్మ దగ్గర నేర్చుకుంటుందట. నిన్న కట్టిన మొదటి ముడి ఊడిపోతే అమ్మ నవ్వుతూ మళ్లీ కట్టించింది.