లేస్ శాలువా కోసం "100% మెరినో" కొంటున్నారా? జాగ్రత్త

హైదరాబాద్‌లో లేస్ శాలువా (చిల్లుల డిజైన్ ఉండే పల్చటి శాలువా) అల్లడానికి ఊలు కొనబోయేవాళ్లు ఇది చదివాకే డబ్బులు కట్టండి. ఈమధ్య సికింద్రాబాద్ వైపు ఒక దుకాణంలో "100% మెరినో" (మెరినో గొర్రెల మెత్తటి ఊలు) అని లేబుల్ ఉన్న సన్నదారం మూడు లచ్చీలు కొన్నాను. ఒక్కోటి 1,400 రూపాయలు. అది మెరినో కాదు, అసలు ఊలే కాదు. అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారం!

పట్టుకుంటే తెలియదా అంటారేమో. తెలియదండీ. ఇప్పుడు అక్రిలిక్‌ను కూడా వెన్నలా మెత్తగా చేస్తున్నారు. పైగా లేస్ దారం 100 గ్రాములకు దాదాపు 800 మీటర్లు వచ్చేంత సన్నం. వేళ్లకు ఏం ఆనుతుంది?

లేస్‌తో చిక్కేమిటంటే, మోసం చివరిదాకా బయటపడదు. అసలు ఊలైనా సూదుల మీద ఉన్నంతసేపూ ముడుచుకునే ఉంటుంది. అల్లడం అయ్యాక గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, సాగదీసి పిన్నులు గుచ్చి ఆరబెడితేనే డిజైన్ విచ్చుకుంటుంది. బ్లాకింగ్ అనేది ఇదే. ఊలు నీళ్లు పీల్చుకుని, సాగదీసిన కొలతలోనే ఆరుతుంది. అక్రిలిక్‌కు ఆ గుణం లేదు. నాది పరుపు మీద, ఫ్యాన్ కింద ఆరుతున్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది. పిన్నులు తీస్తుంటే ఒక మూల నుంచి ముడుచుకుంటూ వచ్చింది. సాయంత్రానికి మా అత్తయ్య భుజాలకు కూడా చాలనంత అయింది.

అనుమానమొచ్చి మిగిలిన దారం ముక్క పట్టకారుతో పట్టుకుని కాల్చాను. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి, చివర నల్లటి గట్టి పూసలా గడ్డకట్టింది. ప్లాస్టిక్ వాసన. వెంట్రుకల వాసనా, గట్టి పూసా రెండూ వస్తే ఊలులో అక్రిలిక్ లాంటిది కలిపిన దారమని అర్థం.

దుకాణదారుణ్ని అడిగితే "అల్లేశాక వాపసు తీసుకోం మేడమ్, ఆవిరి ఇస్త్రీ పట్టించండి, సాగుతుంది" అన్నాడు. సాగే మాట నిజమే. కానీ వేడికి అక్రిలిక్ జీవం పోయి వేలాడిపోతుంది, మళ్లీ మామూలు కాదు. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే కరుగుతుంది కూడా. ఊలు అని అమ్మినవాడికి ఈ చిట్కా ఎందుకు తెలుసో మీరే ఊహించుకోండి!

అక్రిలిక్ చెడ్డదని కాదు. పిల్లల టోపీలకు భేషుగ్గా ఉంటుంది, ఉతకడం తేలిక, పురుగు కొట్టదు. అక్రిలిక్ ధరకు అమ్మాలి, అంతే.

కొనేముందు జానెడు ముక్క అడిగి తీసుకోండి, బయటకెళ్లి కాల్చి చూడండి. ఇవ్వనంటే వచ్చేయండి. లేబుల్ మీద తయారీదారు పేరు, బరువు, డై లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన దారాలకిచ్చే నంబరు) ఉన్నాయా చూడండి. నా మూడో లచ్చీ వేరే లాట్ అట. ట్యూబ్‌లైట్ కింద రంగులో తేడా కనిపించలేదు, బాల్కనీ ఎండలో గీత గీసినట్టు బయటపడింది.

అన్నిటికంటే ముఖ్యం బిల్లు. నాకిచ్చిన చీటీలో "యార్న్ 3" అని మాత్రమే ఉంది. "100% మెరినో ఊలు" అని రాయించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. లేబుల్, కాల్చిన ముక్క దాచి ఉంచాను. ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.